పనిని బట్టే తీరిక

పని అయ్యాక మిగిలే కాలం ఎంత అన్నదొక్కటే తీరికను నిర్ణయించదు. ఆ పని ఎప్పుడు చేయాలి, ఎంత ఒత్తిడిలో చేయాలి, పనివేళల మీద చేసేవారికి ఎంత అదుపు ఉంది అన్నవి కూడా మనిషి తీరికకు రూపమిస్తాయి. పట్టా అందుకుని ఉద్యోగాల్లోకి వెళ్లే ప్రతి తరం దీన్ని తెలుసుకోవాలి.

వ్యవసాయంలో పనికీ విశ్రాంతికీ రుతువులే హద్దులు. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో ఊపిరి సలపదు. ధాన్యం ఇల్లు చేరాక సంక్రాంతి, ఆ తర్వాత జాతరలు, తోలుబొమ్మలాటలు. తీరిక ఊరందరికీ ఒకేసారి దొరికేది కనుక వినోదమూ ఉమ్మడిగానే సాగేది.

కర్మాగారాలు వచ్చాక కాలం గడియారం చేతికి వెళ్లింది. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు ఏళ్ల తరబడి పోరాడితే 1890లో ఆదివారం సెలవు దక్కింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో ఆమోదించిన తొలి ఒప్పందం పరిశ్రమల్లో పనిని రోజుకు 8, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. 1948లో సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతినీ తీరికనూ హక్కుగా గుర్తించింది.

నూరేళ్లలో వారానికి 15 గంటల పని సరిపోతుందని ఆర్థికవేత్త కీన్స్ 1930లో ఊహించాడు. ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా పనిగంటలు అంతగా తగ్గలేదు. గంట విలువ పెరిగేకొద్దీ ఊరికే కూర్చోవడం నష్టంగా తోస్తుందని, తీరికలోకీ హడావిడి చొరబడుతుందని స్వీడన్ ఆర్థికవేత్త స్టాఫాన్ లిండర్ 1970లో వివరించాడు.

సెల్‌ఫోన్ వచ్చాక ఆఫీసు ఇంటిదాకా వచ్చింది. ఏ క్షణాన పిలుపు వస్తుందో తెలియనప్పుడు సెలవు రోజున కూడా మనసు పని నుంచి విడివడదు. అలసిన మనసు శ్రమ అక్కర్లేని కాలక్షేపాన్నే వెతుక్కుంటుంది. తెరపై చిన్న వీడియోలు ముక్కలైన సమయంలో ఇముడుతాయి. సంగీత సాధన, గంభీరమైన పఠనం, నిదానమైన స్నేహం ఇమడవు. అమెరికా వేళలకు పనిచేసే హైదరాబాద్ ఉద్యోగికి సెలవు గంటలు ఉన్నా, ఇంటివాళ్ల తీరికతో అవి కలవకపోవచ్చు.

తీరిక అందరికీ సమానంగానూ అందదు. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే ఆ పని చేసే పురుషులు వెచ్చించేది 97. ఒకరి విశ్రాంతి చాలాసార్లు మరొకరి చాకిరీ మీద నిలుస్తుంది.

కాబట్టి తీరికను కాపాడడం ఒంటరి మనిషి క్రమశిక్షణతోనే అయ్యేది కాదు. పనివేళలకు చట్టం హద్దు గీయాలి, సంస్థ ఆ హద్దును పాటించాలి, ఇంటిపనిని ఇంట్లో అందరూ పంచుకోవాలి. నేటి పట్టభద్రుల్లో చాలామంది రేపు ఇతరుల పనివేళలు నిర్ణయించే స్థానాల్లో ఉంటారు. తమ కింద పనిచేసేవారి సాయంత్రాలనూ సెలవులనూ గౌరవించడం వారి వృత్తిధర్మంలో భాగం.