ఇళ్లు కట్టేవాళ్ల ఊరు ఖాళీ అయిన కథ



యువతకు నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను హాస్టల్ వార్డెన్‌ని. టెన్త్ అయ్యాకో, ఇంటర్ అయ్యాకో మీరు పెట్టె సర్దుకుని బయలుదేరడం ఏటా చూస్తుంటాను. అందుకే ఈరోజు ఐరోపాలోని ఒక కొండ ప్రాంతం గురించి చెబుతాను. దాని పేరు త్సర్నా త్రావా. సెర్బియా దేశానికి ఆగ్నేయ మూలన, బల్గేరియా సరిహద్దు పక్కన ఉంది.

అది ఒక మున్సిపాలిటీ. మున్సిపాలిటీ అనగానే మనకు పట్టణం గుర్తొస్తుంది కానీ, అది మన మండలం లాంటిది. మొత్తం 25 ఊళ్లు, సుమారు 312 చదరపు కిలోమీటర్లు. చుట్టూ కొండలు, అడవులు, పచ్చిక బయళ్లు. చలికాలం మంచు కప్పేస్తుంది. మధ్యలో వ్లాసినా నది పారుతుంది. సాగుకు పనికొచ్చే నేల తక్కువ.

త్సర్నా త్రావా అంటే నల్లగడ్డి. 1389లో కొసావో యుద్ధానికి వెళ్తున్న సైనికులు దారిలో ఇక్కడి గడ్డిలో నిద్రపోయి ఆలస్యమయ్యారని, అందుకే ఆ పేరని ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఊరి పేరుకు ఒక కథ ఉండటం మనకు కొత్త కాదు.

ఆ ప్రాంతం వందల ఏళ్లు తురుష్కుల ఒట్టోమన్ పాలనలో ఉండి, 1878లో సెర్బియాలో కలిసింది. పొలం మీద బతుకు గడవక మగవాళ్లు తాపీపని నేర్చారు. ఒక పెద్ద మేస్త్రీ, కొందరు పనివాళ్లు, పని నేర్చుకునే కుర్రాళ్లు కలిసి జట్టుగా వెళ్లేవారు. ఎండాకాలమంతా బెల్‌గ్రేడ్ వంటి నగరాల్లో ఇళ్లు కట్టి, చలి ముదిరేలోగా డబ్బుతో ఇంటికి చేరేవారు. ఇలా వలస పనికి వెళ్లేవారిని అక్కడ పెచల్బార్లు అంటారు. వాళ్లు లేని నెలల్లో దున్నడం, కోయడం, గొర్రెలు కాయడం, పిల్లల్ని పెంచడం అన్నీ ఆడవాళ్లే చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో బల్గేరియా సైన్యం ఆక్రమిస్తే, ఈ కొండలే పోరాడేవాళ్లకు ఆశ్రయమయ్యాయి.

యుద్ధం తరువాత 1948 లెక్కల్లో అక్కడి జనాభా సుమారు 13,600. 1981కి ఆరు వేల పైచిలుకు. 2002కి 2,563. 2022లో 1,063. సెర్బియాలో అతి తక్కువ జనం ఉన్న మున్సిపాలిటీ అదే. మన ఆశ్రమ పాఠశాలలు రెండు మూడు కలిపితే అంతమంది పిల్లలుంటారు.

ఎందుకిలా జరిగింది? వలస అంతకుముందు కూడా ఉంది. అప్పుడు ఇల్లాలు, పిల్లలు, పొలం ఊళ్లోనే ఉండేవి కాబట్టి మనిషి తిరిగొచ్చేవాడు. యుద్ధం తరువాత నగరాల్లో ఫ్యాక్టరీలు, ఏడాది పొడవునా పని, ఉండటానికి ఇళ్లు దొరికాయి. కుటుంబాలు కూడా వెళ్లిపోయాయి. పిల్లలు తగ్గితే బడులు మూతపడతాయి, బడి లేకపోతే మిగిలినవాళ్లూ వెళ్తారు.

ఇంకొక సంగతి. వ్లాసినా నది పుట్టే చోట ఒకప్పుడు పెద్ద బురద నేల ఉండేది. 1940ల చివర అక్కడ ఆనకట్ట కట్టి సరస్సు చేశారు. ఆ నీటిని సొరంగాల ద్వారా కొండకు అవతలి వైపున్న జలవిద్యుత్ కేంద్రాలకు తీసుకెళ్లారు. మాచ్‌ఖండ్, సీలేరు చూసిన మనకు ఇది వివరించక్కర్లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిమ్మల్ని వెళ్లొద్దని నేను అనను. చదువుకోండి, ఉద్యోగాలు చేయండి. ఆ కొండవాళ్లు నేర్చిన పని వాళ్లకు అన్నం పెట్టింది, గౌరవం తెచ్చింది. కానీ వెళ్లేముందు ఒక పని చేయండి. మీ ఊరి ఇళ్లు లెక్కపెట్టండి. ఎన్నిటికి తాళం ఉందో, బడిలో ఎంతమంది ఉన్నారో రాయండి. ప్రతి గెడ్డ పేరు, ప్రతి కొండ పేరు తాతమ్మనడిగి మన భాషలోనే రాసుకోండి. పట్టా కాగితం ఎక్కడుందో చూసుకోండి. పండగకు వచ్చినప్పుడల్లా ఆ పుస్తకం తీసి మళ్లీ లెక్కపెట్టండి. లెక్క తగ్గుతుంటే ఆ ఏడాదే ఊరి పెద్దలతో కూర్చుని మాట్లాడండి.