కరెంటు బిల్లుకూ హాజరు లెక్కే



సైటు మీద లెక్క ఎట్లా రాస్తాం? ఎవరు ఎన్ని రోజులు వస్తే అన్ని హాజర్లు. రూములో కరెంటు బిల్లు వచ్చేసరికి మాత్రం తలా ఇంత అని పంచేస్తాం. గొడవ అక్కడే మొదలవుతుంది. లీవుకు పోయివచ్చిన తమ్ముడు "లేని రోజులకు నేనెందుకు ఇయ్యాలె?" అంటడు. మిగిలినోళ్లు "బెడ్డు నీదే కదా" అంటరు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. ఎందుకంటే బిల్లులో రెండు రకాల ఖర్చులున్నాయి.

దుబాయ్‌లో మనకొచ్చే దేవా బిల్లు తీసి చూడండి. కరెంటు, నీళ్లు, వాటి మీద సర్‌ఛార్జి, వ్యాట్ వాడకం ఖర్చులు. హౌసింగ్ ఫీజు వేరు. ఏడాది అద్దెలో 5 శాతాన్ని 12 నెలలకు విడగొట్టి ఇదే బిల్లులో వేస్తారు. మనిషి ఉన్నా లేకున్నా అది మారదు.

ఒక లెక్క చూద్దాం. రూములో ఆరుగురు, ఏడాది అద్దె 36,000 దిర్హాములు. నెల బిల్లు 710 వచ్చిందనుకోండి. అందులో హౌసింగ్ ఫీజు 150. దాన్ని బెడ్ల లెక్కన పంచితే తలా 25. మిగిలిన 560 వాడకం. ఐదుగురు 30 రోజులున్నారు, ఒకరు 10 రోజులే ఉన్నారు. మొత్తం 160 హాజర్లు. 560ని 160తో భాగిస్తే రోజుకు మూడున్నర దిర్హాములు. లీవుకు పోయినాయన 35, 25 కలిపి 60 ఇస్తాడు. మిగిలినవాళ్లు తలా 130. సమానంగా పంచితే ఆయన మీద 118 పడేది.

రోజులు ఒకటో తారీఖు నుంచి లెక్కపెట్టకండి. బిల్లు మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని ఉంటుంది, ఆ రోజులే చూడాలి.

ఇక ఏసీ సంగతి. నైట్ డ్యూటీ చేసేవాళ్లు పగలు ఏసీ వేస్తారని గొడవ. ఒకటిన్నర టన్ను ఏసీ కంప్రెసర్ ఆగకుండా నడిస్తే గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్ కాలుతుంది. 8 గంటలకు 12 యూనిట్లు. నెలకు 2000 యూనిట్ల దాకా యూనిట్ 23 ఫిల్స్, కాబట్టి సర్‌ఛార్జి కాక రోజుకు 2 దిర్హాముల 76 ఫిల్స్. 26 డ్యూటీలకు దాదాపు 72 దిర్హాములు. కంప్రెసర్ మధ్యమధ్య ఆగుతుంది కాబట్టి అసలు ఖర్చు ఇంకా తక్కువే. అంకె ముందుంటే మాట పెరగదు, ఎవరెంత వేసుకోవాలో కూర్చుని తేల్చుకోవచ్చు. 2000 దాటిన యూనిట్లకు 28 ఫిల్స్ పడుతుందని గుర్తుంచుకోండి.

రెండు మూడు రూముల ఫ్లాటయితే రూముకో సబ్‌మీటర్ మేలు. ఓనరు ఒప్పుకోవాలి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే బిగించాలి. "మనోళ్లే కదా, మనమే బిగిద్దాం" అనకండి.

ఎండలు ముదరకముందే అందరూ కూర్చుని పద్ధతి ఖాయం చేసుకోండి. ఒక కాగితం మీద పేర్లు, వచ్చిన తేదీ, పోయిన తేదీ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. బిల్లు కాపీ అందరికీ వాట్సాప్‌లో పెట్టండి.

బిల్లు వెంట తెచ్చినవాళ్లు మీటింగ్ అయ్యాక నా దగ్గరికి రండి. కలిసి లెక్క చేద్దాం.