ఎముక బలానికి కళ్లెం ఎక్కడుంది?



మన ఇళ్లల్లో దాదీయో నానీయో స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం కొత్త సంగతి కాదు. "వయసు మీద పడింది, ఏం చేస్తాం" అని ఊరుకుంటాం. కాని చాలాసార్లు దాని వెనుక ఉండేది ఎముకలు గుల్లబారే జబ్బు, ఆస్టియోపోరోసిస్. దానికి ఒక మందు దొరికిన దారి మనందరం తెలుసుకోదగ్గది.

దక్షిణాఫ్రికాలోని కొన్ని ఆఫ్రికానర్ కుటుంబాల్లో స్క్లీరోస్టియోసిస్ అనే అరుదైన జబ్బుంది. అందులో ఎముకలు గుల్లబారవు సరికదా, అతిగా మందమవుతాయి. పుర్రె ఎముక పెరిగి నరాలను నొక్కి చెవుడు, ముఖ పక్షవాతం తెస్తుంది. 2001లో శాస్త్రజ్ఞులు దీని మూలాన్ని ఎస్‌ఓఎస్‌టీ అనే జన్యువులో పట్టుకున్నారు. ఆ జన్యువు ప్రకారం ఎముక కణాలు స్క్లీరోస్టిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. కొత్త ఎముక పెరుగుదలకు అదే కళ్లెం. ఆ రోగుల్లో కళ్లెమే లేదు. జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటే చెడినవారికి మాత్రం ఎముకలు గట్టిగా ఉంటాయి, ఆ బాధలు ఉండవు.

మరి కళ్లెం కాస్త వదులు చేస్తే? ఆ ఆలోచనలోంచే రొమోసోజుమాబ్ ఇంజెక్షన్ వచ్చింది. 2019లో జపాన్, అమెరికా అనుమతించాయి. నెలకొకసారి, ఏడాదిపాటు ఇస్తారు. ఆ తర్వాత ఎముక అరుగుదల ఆపే వేరే మందు వాడాలి, లేకుంటే వచ్చిన బలం పోతుంది. గడిచిన ఏడాదిలో గుండెపోటో పక్షవాతమో వచ్చినవారికి ఇది ఇవ్వకూడదు.

కొన్ని కుటుంబాల కష్టం లోకానికి దారి చూపింది. చిన్న దెబ్బకే ఎముక విరిగితే వయసు మీదకు నెట్టకుండా, డాక్టరుకు చూపించి ఎముక సాంద్రత పరీక్ష చేయిద్దాం. అది మన వంతు.