తీగ కొన వద్ద బాధ్యత
(ప్రసంగ పాఠం)

2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరుల మధ్య 765 కిలోవోల్టుల విద్యుత్ మార్గం పనిచేయనారంభించింది. దానితో దక్షిణ భారత విద్యుద్వ్యవస్థ తక్కిన దేశపు వ్యవస్థతో ఏకమైంది. కాశ్మీరపు దీపమూ, కన్యాకుమారి దీపమూ నేడు 50 హెర్ట్‌జుల ఒకే లయతో వెలుగుతున్నాయి. ఇంతటి విశాల వ్యవస్థ ప్రతి ఇంటిలోనూ చిట్టచివరకు ఆధారపడేది మెయిన్ బోర్డులోని ఒక చిన్న స్క్రూ బిగువు మీద.

ఆ బిగువు సడలితే ఏమవుతుంది? తీగకూ లోహపు పట్టుకూ మధ్య నిరోధం పెరుగుతుంది. నిరోధం ఉన్న చోట వేడి పుడుతుంది. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. సడలిన అతుకులో అర ఓము నిరోధం ఏర్పడితే, ఆ ఒక్క బిందువు వద్దనే దాదాపు 36 వాట్ల వేడి జనిస్తుంది. రేడియోలు బాగుచేసేవారు సీసాన్ని కరిగించడానికి వాడే సోల్డరింగ్ ఐరన్ శక్తి సామాన్యంగా అంతే! మరొక ప్రమాదమేమంటే, ఈ దోషాన్ని ఎం.సి.బి. పసిగట్టదు. విద్యుత్ ప్రవాహం హద్దు మీరలేదు గనుక అది మౌనంగా ఉంటుంది. తీగ తొడుగు మాత్రం లోలోపల మాడిపోతూ ఉంటుంది.

కనుకనే తీగ కొనను బిగించడానికి కొన్ని నియమాలు ఏర్పడినాయి. తొడుగును టెర్మినల్‌లోనికి పోవలసినంత మేరకే ఒలవాలి. ఎక్కువైతే రాగి బయటపడుతుంది; తక్కువైతే స్క్రూ తొడుగు మీదనే బిగుసుకుంటుంది. ఒలిచేటప్పుడు రాగికి గాటు పడరాదు. రంధ్రంలో పట్టడం లేదని కొన్ని పోగులను కత్తిరించడం పెద్ద తప్పు; తీగ మందానికి తగిన టెర్మినల్‌నో, లగ్గునో వాడాలి. తయారీదారు అనుమతించనిదే ఒక రంధ్రంలో రెండు తీగలు దూర్చరాదు. స్క్రూ తల కింద చుట్టే తీగను స్క్రూ తిరిగే దిశలోనే వంచాలి. అప్పుడది బిగిసేకొద్దీ లోపలికి చేరుతుంది. రాగి తీగనూ అల్యూమినియం తీగనూ నేరుగా కలపరాదు. తేమ తగిలితే ఆ కలయిక తుప్పుపడుతుంది.

న్యూట్రల్ విషయంలో అజాగ్రత్త మరింత ప్రమాదకరం. మూడు ఫేజుల ఇంటిలో ప్రధాన న్యూట్రల్ ఊడిపోతే, 230 వోల్టులకు తయారైన కొన్ని పరికరాలపై 400 వోల్టులకు దగ్గరగా పడవచ్చు. ఆ న్యూట్రల్‌లో ఒంటరిగా ఫ్యూజు ఉంచరాదనడానికి కారణమిదే. ఇంటిలోని న్యూట్రల్ తీగలన్నీ న్యూట్రల్ లింకుకు, ఎర్తు తీగలన్నీ ఎర్తు పట్టీకి వేర్వేరుగా చేరాలి.

నేడు బిగించిన బోర్డును పదేళ్ల తరువాత మరొకరు తెరుస్తారు. ఆ పనివాడు శ్రీకాకుళం వాడు కావచ్చు, బీహారు వాడు కావచ్చు. మొదటి పనివాని భాష అతనికి తెలియకపోవచ్చు. కాని ఎరుపు, పసుపు, నీలం ఫేజులనీ, నలుపు న్యూట్రల్ అనీ, ఆకుపచ్చ ఎర్తు అనీ దేశమంతటా పనివారు ఎరుగుదురు. వాటి మీద నమ్మకంతోనే అతడు పనికి పూనుకుంటాడు. ఎర్ర తీగ చాలలేదని ఆకుపచ్చ తీగను ఫేజుకు వాడినవాడు, ముఖమైనా ఎరుగని తోటి పనివానికి అబద్ధం చెప్పినట్లే. అందుకే, రంగు ఏదైనా, మెయిన్ స్విచ్చి ఆపి, విద్యుత్తు లేదని పరీక్షించిన పిమ్మటనే బోర్డును ముట్టాలి.

గృహస్థు స్వయంగా స్క్రూడ్రైవరు పట్టనవసరం లేదు. దీపాలు మినుకుమినుకుమన్నా, బోర్డు వద్ద కమురు వాసన వచ్చినా, తీగ కొన నల్లబడినా ఉపేక్షింపక, లైసెన్సు గల ఎలక్ట్రీషియన్‌ను పిలిపించడమే అతని కర్తవ్యం. మూత వేసిన పిమ్మట ఎవరికీ కనిపించని చోట పనిని సక్రమంగా ముగించడం పనివాని కర్తవ్యం.