రాయి మరచిన పేర్లు



ఢిల్లీలో 1931లో ఆవిష్కరింపబడిన ఇండియా గేటుపై 13,000కు పైగా పేర్లు చెక్కబడియున్నవి. కాని మొదటి ప్రపంచయుద్ధమున ఇరాకు భూమిలో అసువులు బాసిన సిపాయిలకు ఆపాటి గౌరవము దక్కలేదు. 1929లో వెలసిన బస్రా స్మారకముపై అధికారుల పేర్లు వ్రాయించి, భారతీయ సిపాయిలను దళమునకింతమంది యని అంకెలతో సరిపెట్టిరి. కామన్వెల్తు యుద్ధ సమాధుల సంఘము ఇట్టి అసమానతల నంగీకరించి క్షమాపణ చెప్పుటకు 2021వ సంవత్సరము రావలసివచ్చినది.

రాయి మరచిన పేరును ఇల్లు మరువరాదు. పశ్చిమ గోదావరిలోని మాధవరము ఇందులకు నిదర్శనము. తరతరములుగా బిడ్డలను సైన్యమునకు పంపిన ఆ గ్రామమును లోకులు ‘మిలిటరీ మాధవరము’ అనియే పిలుతురు. అచ్చట సైనికసేవ వంశచరిత్రలో భాగము.

పలు కుటుంబములలో తాతల పతకములు ట్రంకుపెట్టెల అడుగున పడియున్నవి. వాటిని వెలికిదీసి చూడవలెను. మొదటి యుద్ధపు వెండి పతకము అంచుపై సిపాయి నంబరు, హోదా, పేరు, దళము కానవచ్చును. వానిని, డిశ్చార్జి పత్రములోని తేదీలను, ఇంటి పెద్దల నోట విన్న వృత్తాంతమును ఒక్క కాగితముపై నెక్కించి పిల్లల చేతికీయవలెను. తద్దినమునాడు మూడు తరముల పేర్లు తలచు ఆచారము గలవారికి ఇది క్రొత్త ధర్మము కాదు. ఆ పాత ఋణమే.