తల్లితో అంగ్‌కోర్ యాత్ర
(ఆలయ ప్రాంగణంలోని సత్సంగ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి సభకు నిర్వాహకులు నిర్ణయించిన అంశం ‘యాత్ర’. తీర్థమహిమలను వివరించగల పాండిత్యం నాకు లేదు. డెబ్బై నాలుగేళ్ల మా అమ్మగారితో కలిసి కంబోడియా దేశంలోని అంగ్‌కోర్ ప్రాచీనాలయాలను దర్శించిన అనుభవాన్ని మాత్రం మీకు నివేదించుకుంటాను.

ప్రయాణం తలపెట్టినప్పుడు బంధువులు వారించారు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని సముద్రాలు దాటించడమెందుకనీ, పూజలు లేని పాడుగుళ్లు చూస్తే పుణ్యమేమిటనీ అన్నారు. అమ్మగారు మాత్రం, “వచ్చే ఏడాదికి ఈ మోకాళ్లు ఇంతకంటే బాగుపడవు కదా, నాయనా!” అన్నారు. వైద్యుని సలహా తీసుకొని బయలుదేరాము.

అంగ్‌కోర్ వాట్ ఆలయాన్ని 12వ శతాబ్ది పూర్వార్ధంలో ఖ్మేర్ చక్రవర్తి రెండవ సూర్యవర్మ శ్రీమహావిష్ణువు కొరకు నిర్మించాడు. చుట్టూ సుమారు 190 మీటర్ల వెడల్పు గల అగడ్త. ఆలయం పడమటి ముఖంగా ఉంటుంది. కాలక్రమాన అది బౌద్ధక్షేత్రమైంది. అయినా పడమటి గోపురంలోని అష్టభుజ విష్ణుమూర్తిని ఆ దేశీయులు నేటికీ తమ దైవంగా కొలుస్తూ అగరువత్తులు వెలిగిస్తారు. భాష తెలియని ఆ స్త్రీల నడుమ నిలిచి అమ్మగారూ చేతులు జోడించారు. పూజలు లేని గుడి అన్న బంధువుల మాటకు అక్కడే సమాధానం దొరికింది.

తూర్పు మండపపు గోడపై దాదాపు 50 మీటర్ల పొడవున క్షీరసాగర మథనాన్ని చెక్కారు. మార్గదర్శి వివరించబోయేలోగానే అమ్మగారు “ఇదిగో కూర్మం, ఇది మందరగిరి, అది వాసుకి” అంటూ కథ అందుకున్నారు. నేను ఆ మాటలను ఇంగ్లీషులో చెబుతుంటే ఆ యువకుడు శ్రద్ధగా విన్నాడు. అక్షరాలు నేర్వకముందే నేను ఆమె ఒడిలో విన్న కథ అది.

గర్భాలయమున్న పై అంతస్తుకు మెట్లు చాలా నిటారుగా ఉంటాయి. అమ్మగారు ఎక్కలేకపోయారు. “నువ్వు చూసి వచ్చి చెప్పు, నేను చూసినట్టే” అన్నారు. చిన్ననాడు తిరునాళ్ల రద్దీలో నన్ను భుజాలకెత్తుకొని స్వామిని చూపించినది ఆమెయే. దిగివచ్చి, ఆమె ప్రక్కన కూర్చుండి, చూసినదంతా ఒక్కటీ విడువక చెప్పాను.

మరునాడు తా ప్రోమ్ ఆలయానికి వెళ్లాము. ఏడవ జయవర్మ 1186లో ప్రతిష్ఠించిన ఈ బౌద్ధాలయానికి నాటి పేరు రాజవిహారం. అందులోని ప్రజ్ఞాపారమితా దేవిని తన తల్లి జయరాజచూడామణి రూపున నిలిపాడు. తండ్రి స్మృతికి 1191లో ప్రేహ్ ఖాన్ ఆలయాన్ని కట్టించాడు. రాజ్యంలో 102 ఆరోగ్యశాలలున్నట్లు తా ప్రోమ్ శాసనం చెబుతున్నది. నేడు ఆ గోడలను మహావృక్షాల వేళ్లు పెనవేసుకొన్నాయి. మన భారత పురావస్తు శాఖవారు అక్కడ జీర్ణోద్ధరణలో పాల్గొన్నారు.

ఈ వృత్తాంతం విని అమ్మగారు కొంతసేపు మౌనంగా ఉండి, “అంత రాజు, తల్లి దగ్గర కూర్చునే తీరిక ఉండేదో లేదో!” అన్నారు. ఆ మాట నన్ను కదిలించింది. తల్లి పేరిట ఆలయం కట్టే శక్తి మనలో ఎందరికున్నది? ఆమె ప్రక్కన కూర్చునే సమయం మాత్రం ప్రతివారి చేతిలోనూ ఉన్నది.

పెద్దలను వెంట తీసుకొని వెళ్లదలచినవారికి ఒక మనవి. అక్కడ మూడు దినాల ప్రవేశపత్రాన్ని పది దినాలలో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. నడుమ విశ్రాంతి ఇవ్వండి. ఎండ ముదరకముందే దర్శనం ముగించండి. వారి అడుగును బట్టి మీ అడుగు వేయండి. విదేశమే కానక్కరలేదు. ద్రాక్షారామమైనా, రామప్ప గుడియైనా సరే. పార్వతీ పరమేశ్వరులకు ప్రదక్షిణ చేసి సకల తీర్థ ఫలం పొందిన విఘ్నేశ్వరుని కథ మనందరికీ తెలిసినదే. తల్లిదండ్రులు నడవగలిగిననాడే వారిని వెంటబెట్టుకొని ఒక్క యాత్రయైనా చేయవలసినదిగా ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.

స్వస్తి.