దూరదేశ సేవకులకు మన బంగీలు

(కోకాపేట పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



2023వ సంవత్సరము ఆగస్టు మాసమున ఈ కోకాపేట భూమి వేలములో ఎకరమునకు 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికిన సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. అట్టిచోట, విదేశమున సేవ చేయుచున్న మన బిడ్డలకు నాలుగు కిలోల బంగీ పంపుట యెట్లని విచారించుటకు సభ కావలసివచ్చెనా యని కొందఱు మిత్రులు మమ్ము పరిహసించిరి. ధనము చాలదని మేమెన్నడును అనలేదు. వివేకము చాలకున్నదని మా ఫిర్యాదు. ఈ వ్యాజ్యమున మొదటి ముద్దాయిలము మేమే.

మన ప్రాంతపు యువవైద్యురాలొకతె ఐక్యరాజ్యసమితి స్వయంసేవకురాలుగా దక్షిణ సూడాను రాజధానియగు జూబాలో పనిచేయుచుండెను. ఆమె కష్టములను విని మా మనస్సులు కరగెను. ఇంటింటికి తిరిగి ఆవకాయ, గోంగూర పచ్చడి, అరిసెలు, సకినాలు, ఒక పట్టుచీర సమకూర్చి పండ్రెండు కిలోల పెట్టె కట్టి పంపితిమి. నీకేమి కావలెనని ఆమెను అడిగినవారు మాలో నొక్కరును లేరు. పెట్టె చేరుటకు రెండు నెలలు పట్టెను. ఈలోగా ఆవకాయ నూనె సకినాలలోనికిని, సకినాలనుండి చీరలోనికిని దిగెను. పెట్టెను విడిపించుకొనుటకు ఆమె తన స్వల్పమైన భృతినుండి రుసుము చెల్లించెనట. ఆమె వ్రాసిన జవాబు మిక్కిలి మర్యాదగా నుండెను. అందుచేతనే మాకు సిగ్గు కలిగెను. తినదగినవానిని తోడివారికి పంచితిననియు, ఒంటిపూట కూటికై వెదకుకొను జనుల నడుమ అంత పెట్టెను విప్పుటకు తనకు మొగము చెల్లలేదనియు, మరల పంపదలచినచో రెండు నూలు తువాళ్ళు, కొంచెము కరివేపాకు పొడి, తల్లి చేతివ్రాత యుత్తరము చాలుననియు వ్రాసెను. పండ్రెండు కిలోల పెట్టెలో ఉత్తరము లేదని అప్పుడు గాని మాకు తోచలేదు!

సేవకై పోయినవారికి పచ్చళ్ళేల, కష్టపడుటకే గదా పోయినది యని వాదించువారు గలరు. ఈ వాదము మాకు సమ్మతము కాదు. సేవకుడు ఒంటరిగా పోయినట్లు కనబడును గాని, అతనిని పంపినది ఒక సమాజము. 1938లో చైనాపై జపాను దండయాత్ర సాగుచుండగా, చైనా సేనాని జూ డే వైద్యులను పంపుడని నెహ్రూను కోరెను. కాంగ్రెసు అధ్యక్షుడైన సుభాస్ చంద్ర బోసు జూను 30న దేశమునకు విజ్ఞప్తి చేసెను. జూలైలో చైనా దినములు జరిపి ఇరువదిరెండువేల రూపాయల నిధి కూర్చిరి. అటల్, చోళ్కర్, కోట్నీస్, బసు, ముఖర్జీ యను అయిదుగురు వైద్యులు వెడలిరి. వీరిలో ద్వారకానాథ కోట్నీస్ షోలాపురమువాడు, అనగా మన తెలుగు సాలెవారు వేలకొలదిగా స్థిరపడి మగ్గములు నడపిన ఊరివాడు. తోడివారు తిరిగివచ్చినను ఆయన అచటనే నిలిచి, బెథూన్ పేరిట వెలసిన శాంతి వైద్యశాలకు అధ్యక్షుడై, 1942 డిసెంబరు 9న తన ముప్పదిరెండవయేట కన్నుమూసెను. మందులకు కరవైన కొండ ప్రాంతమది. యుద్ధముచేతను, దిగ్బంధముచేతను త్రోవలు మూసికొని యుండెను. నేడు మనకు త్రోవలు తెఱచియున్నవి. తెఱచియున్న త్రోవను మన అజాగ్రత్తచే మనమే మూసికొనుట తగునా?

అజాగ్రత్త యన నెంత ప్రమాదమో వినుడు. ఎడారి దేశములలో జీతములు రాక, పత్రములు లేక చిక్కుపడిన మన కరీంనగరము, నిజామాబాదు కూలీలకు తోడుపడు తెలుగు స్వయంసేవకులు గలరు. వారికి ప్రేమతో మసాలా పొడి పంపుదురు. మన వంటింటిలోని గసగసాలు ఐక్య అరబ్బు ఎమిరేట్లలోను, సౌదీ అరేబియాలోను మత్తుపదార్థముల చట్టము క్రింద నిషిద్ధములు. పొట్లము కట్టిన అత్తగారు ఇచట నిశ్చింతగా నిద్రించును. పుచ్చుకొన్నవాడు అచట న్యాయస్థానమున నిలువవలసివచ్చును. తెలియక చేసితినను మాట ఏ దేశపు చట్టమునను గట్టి రక్షణ కాదని, ఈ వృత్తిలో నున్నవారము గనుక చెప్పుచున్నాము. ఆస్ట్రేలియాకు పంపు తినుబండారములను పేరుపేరున వ్రాయవలెను. అక్కడి అధికారులు విప్పి చూతురు. అమెరికా ప్రభుత్వము ఎనిమిదివందల డాలర్లలోపు వస్తువులకున్న సుంకపు మినహాయింపును 2025 ఆగస్టు 29న తొలగించెను. ఆ కలతలో మన తపాలా శాఖ అచటికి బంగీలను నిలిపివేయగా, అక్టోబరు 15న గాని అవి మరల సాగలేదు. మాత్రలు పంపువారు వైద్యుని చీటి జతపఱుపవలెను. ఆ దేశమున ఆ మందు అనుమతింపబడునో లేదో ముందుగా కనుగొనవలెను.

సుంకపు పత్రముపై "బహుమతి" యని యొక్క మాట వ్రాసి, వెల తగ్గించి చూపుట మనలో చాతుర్యముగా చెల్లుచున్నది. తగ్గించినది మనము, పట్టుబడినచో తలవంచుకొనవలసినది సేవకుడు. ఏ దేశమున అతడు నీతిమంతుడని పేరు తెచ్చుకొనుచున్నాడో, ఆ దేశపు గుమాస్తా యెదుటనే అతనిని అబద్ధీకుని చేయుదుమా? ఇది మాకు మిక్కిలి కష్టముగా తోచుచున్నది.

కావున ఇప్పుడు కట్టు బంగీ నాలుగు కిలోలు మించదు. జూబాలోని ఆమె కోరిన తువాళ్ళు వచ్చినవి. కరివేపాకు పొడి నూనె లేకుండ దంచి రెండు సంచులలో మూసియుంచితిమి. అచటి రోగుల పిల్లలకు ఆమె అడిగిన రంగు పెన్సిళ్ళు నలువది గలవు. ఆమె తల్లిగారు ఉత్తరము ఇంకను వ్రాయలేదు. ఏమి వ్రాయవలెనో తోచుటలేదని కన్నీరు పెట్టుకొనిరి. ఇంటి ముందరి వేపచెట్టు సంగతి వ్రాయుడని చెప్పి వచ్చితిమి. మీలో వ్రాయదలచినవారికి కాగితములు ద్వారము చెంతనున్న బల్లపై నుంచితిమి. తూకము శనివారము ఉదయము.